నీళ్లతో మైలేజ్ పెంచుతామనే హెచ్‌హెచ్‌ఓ కిట్: డబ్బులు పెట్టకండి

మా బావ తన పెట్రోల్ కారుకి ఈ కిట్ బిగించుకున్నారు. దాన్ని విప్పి చూసి, బండి నడిపి చూసి రాస్తున్నా. ఎవరూ కొనకండి.

కిట్‌లో వచ్చేది ఒక ప్లాస్టిక్ జార్, అందులో దగ్గర దగ్గరగా పేర్చిన స్టీల్ ప్లేట్లు, ఒక బబ్లర్ (గ్యాస్ నీళ్ల గుండా బుడగలుగా వెళ్లే చిన్న డబ్బా), పైపులు, ఫ్యూజు, రిలే. నీళ్లలో కాస్త పొటాషియం హైడ్రాక్సైడ్ కలిపి కరెంటు ఇస్తే హైడ్రోజన్, ఆక్సిజన్ బుడగలుగా పైకొచ్చి పైపు గుండా ఎయిర్ ఇన్‌టేక్‌లోకి (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారి) వెళ్తాయి, ఈ గ్యాస్ మిశ్రమాన్నే హెచ్‌హెచ్‌ఓ అంటారు. ఇంతవరకూ నిజమే. బబ్లర్‌లో గ్యాస్ గుబగుబలాడుతూ కళ్ల ముందే కనిపిస్తుంది, జనం నమ్మేసేదీ అక్కడే.

కానీ లెక్క వేసి చూడండి. వరుసగా కలిపిన ఆరు సెల్స్‌కి 20 ఆంపియర్లు ఇస్తే వచ్చే గ్యాస్ మహా అయితే నిమిషానికి ఒకటింబావు లీటరు, అదే 1.2 లీటర్ ఇంజిన్ 2000 ఆర్‌పీఎం దగ్గర ఫుల్ థ్రాటిల్‌లో నిమిషానికి దాదాపు 1200 లీటర్ల గాలి పీలుస్తుంది. ఆ గ్యాస్ ఇచ్చే శక్తి 150 వాట్లు, దాన్ని తయారు చేయడానికి ఆల్టర్నేటర్ (బండిలో కరెంటు తయారు చేసేది) నుంచి లాగేది 270 వాట్ల పైమాటే. ఆల్టర్నేటర్‌ని తిప్పేది ఇంజినే, ఇంజిన్‌ని నడిపేది పెట్రోలే, మధ్యలో అడుగడుగునా వేడిగా పోయేది పోగా ఆ 150 వాట్ల కోసం సుమారు 2000 వాట్ల విలువైన పెట్రోలు కాలుతుంది. అసలు నీళ్లంటేనే హైడ్రోజన్ కాలిపోయాక మిగిలేది, అందులో ఇంక మండటానికి ఏముంటుంది?

ఒకే రూట్లో ట్యాంక్ ఫుల్ చేసి, కిట్ ఆన్‌లో ఒకసారి, ఆఫ్‌లో ఒకసారి నడిపితే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అమ్మినవాళ్లని అడిగితే ఈసీయూకి (ఇంజిన్‌ని కంట్రోల్ చేసే కంప్యూటర్) అలవాటు కావాలి, ఇంకొన్నాళ్లు ఆగండన్నారు, తర్వాత ఒక చిప్ అంటగట్టారు. నాకు కోపం తెప్పించింది ఈ చిప్పే. ఇది పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసే ఆక్సిజన్ సెన్సర్ సిగ్నల్‌ని మార్చి ఈసీయూకి తప్పుడు లెక్క చూపిస్తుంది, దాంతో పెట్రోలు తగ్గి మిక్స్చర్ లీన్ అవుతుంది, అంటే గాలికి తగినంత పెట్రోలు ఉండదు. బండి కుదుపులు, పికప్ పోవడం, చెక్ ఇంజిన్ లైట్, అన్నీ వచ్చాయి.

నీళ్లు ఇంజిన్‌కి ఏ రకంగానూ పనికిరావని కాదు. వాటర్ ఇంజెక్షన్ అసలైన టెక్నాలజీ, రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల్లోనే వాడారు, బీఎండబ్ల్యూ ఎం4 జీటీఎస్‌లోనూ ఉంది. అక్కడ నీళ్లు మండవు, ఆవిరవుతూ లోపలికి వెళ్లే గాలిని చల్లబరుస్తాయి, నాకింగ్ (ఇంధనం తనంతట తానే ముందుగా అంటుకుని ఇంజిన్ టకటకలాడటం) తగ్గుతుంది కాబట్టి టర్బో ప్రెషర్ పెంచుకోవచ్చు. శక్తి మాత్రం పెట్రోలుదే. నీళ్లతో కారు నడిపానని చెప్పుకున్న అమెరికన్ స్టాన్లీ మేయర్ పరికరాన్ని 1996లో అక్కడి ఒహాయో కోర్టు నిపుణులతో పరీక్ష చేయించి, అది మామూలు ఎలక్ట్రాలిసిస్సే (కరెంటుతో నీళ్లని విడగొట్టడం) అని తేల్చి మోసంగా తీర్పిచ్చింది.

ఇప్పటికే బిగించుకున్నవాళ్లు ముందు ఆ చిప్ తీయించండి. జార్‌లో పొటాషియం హైడ్రాక్సైడ్ కలిపిన నీళ్లు చేతికి తగిలితే చర్మం కాలుతుంది, గ్లోవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. పైపు తీశాక ఇన్‌టేక్‌కి పెట్టిన రంధ్రం గట్టిగా మూయించండి, లేకపోతే అక్కడి నుంచి గాలి లాగి ఐడ్లింగ్ దెబ్బతింటుంది.