సెవెన్ సిస్టర్స్ చుట్టూ ఒక రోజు నడక

సెవెన్ సిస్టర్స్ అంటే ఇంగ్లండ్ దక్షిణ తీరాన, ససెక్స్‌లో వరుసగా ఉన్న తెల్లటి సుద్ద కొండలు. లండన్ నుంచి మనవాళ్లు అక్కడికి వెళ్లారంటే బర్లింగ్ గ్యాప్‌లో కారు ఆపడం, మెట్లు దిగి తెల్లటి కొండచరియ కింద ఫొటోలు దిగడం, ఐస్‌క్రీమ్ తిని వెనక్కి రావడం. రోజంతా చేతిలో ఉంటే అలా చేయకండి. ఎక్సీట్ దగ్గర మొదలుపెట్టి, కొండల మీదుగా బర్లింగ్ గ్యాప్ చేరి, ఈస్ట్ డీన్ ఊరు, ఫ్రిస్టన్ అడవి దాటి మళ్లీ ఎక్సీట్‌కే రండి. అటూ ఇటూగా 13 కిలోమీటర్లు. తిండికి ఆగడంతో కలిపి ఐదారు గంటలు వేసుకోండి.

కారు అక్కర్లేదు. బ్రైటన్, ఈస్ట్‌బోర్న్ మధ్య తిరిగే 12 నంబరు బస్సు ఎక్సీట్‌లో పార్క్ సెంటర్ (సందర్శకుల కేంద్రం) దగ్గరే ఆగుతుంది. ఎండ కాసిన వారాంతంలో సాయంత్రం బస్సులు మాత్రం కిటకిటలాడతాయి.

సముద్రం వైపు ముందు నడవమనడానికి కారణం గాలి. ఇక్కడ ఎక్కువగా నైరుతి నుంచే వీస్తుంది కాబట్టి వీపు మీద తోస్తుంది. ఎదురు నడిస్తే ప్రాణం విసుగెత్తిపోతుంది. మొదటి కొండ హేవెన్ బ్రో ఎత్తు 77 మీటర్లే. అదే అన్నిటికంటే పెద్దది. కానీ ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం... నాలుగోదానికే మోకాళ్లు మాట్లాడతాయి. గొర్రెలు మేసిన పొట్టి గడ్డి కాలికి హాయిగా ఉంటుంది. గడ్డి అరిగి సుద్ద బయటపడ్డ చోట వాన పడిందా, సబ్బు మీద నడిచినట్టే. గ్రిప్ ఉన్న బూట్లు తప్పనిసరి.

అంచుకు కంచె ఉండదు. కింద సుద్ద కూలిపోయి పైన గడ్డి మాత్రమే వేలాడుతూ ఉండొచ్చు, పై నుంచి అది కనపడదు. అయినా కాళ్లు వేలాడేసి సెల్ఫీలు తీసుకునేవాళ్లను చూస్తే నాకే టెన్షన్. ఇంకో మాట: పోస్టర్లలో కొండచరియలన్నీ వరుసగా కనిపించే ఆ దృశ్యం ఈ కొండల మీద నుంచి రాదు. దానికి కక్‌మియర్ నది అవతలి సీఫర్డ్ హెడ్ కొండ ఎక్కాలి.

బర్లింగ్ గ్యాప్‌లో నేషనల్ ట్రస్ట్ (వారసత్వ స్థలాలను కాపాడే సంస్థ) కెఫే, టాయిలెట్లు ఉన్నాయి. జనం ఎక్కువ, మేం ఎక్కువసేపు ఆగలేదు. పక్కనున్న పాత కోస్ట్‌గార్డ్ ఇళ్ల వరుసలో కొన్నిటిని సముద్రం కోతకు భయపడి ఇప్పటికే కూల్చేశారు. భోజనానికి ఈస్ట్ డీన్ మేలు. టైగర్ ఇన్ పబ్ ముందున్న పచ్చిక మీద కూర్చుని మా పులిహోర డబ్బా విప్పాం.

అక్కడి నుంచి పైకెక్కితే ఫ్రిస్టన్ చర్చి. దాని గేటు చూడకుండా వెళ్లకండి. పక్కన కాదు, నడిమధ్య ఉన్న కొయ్య మీద తిరుగుతుంది. తోస్తే ఒక సగం లోపలికి, ఇంకో సగం బయటికి. ససెక్స్‌లో ఇలాంటివి కొన్నే మిగిలాయి.

ఫ్రిస్టన్ అడవిలో బీచ్ (beech అనే జాతి) చెట్ల నీడ బాగుంటుంది, కానీ సైకిల్ దారులు చాలా చీలతాయి. మ్యాప్ ముందే ఫోన్లో దింపుకోండి. వెస్ట్‌డీన్‌లో చెకుముకి రాళ్ల గోడలున్న ఇళ్లు దాటి మెట్లెక్కితే, కింద కక్‌మియర్ నది వంపులన్నీ ఒక్కసారిగా పరుచుకుంటాయి. నాకు కొండచరియల కంటే ఇదే నచ్చింది. 1840ల్లో తిన్నగా కాలువ తవ్వి నీటిని మళ్లించారు కాబట్టి ఆ వంపుల్లో ప్రవాహం లేదు.

రాత్రి ఈస్ట్‌బోర్న్‌లో దిగాం. గది నుంచి సముద్రం కనపడుతుందని ఎక్కువ డబ్బు కట్టాం; కిటికీ సరిగ్గా పడక రాత్రంతా గాలి ఈల వేసింది. ఓనరు ఇంకో దుప్పటి ఇచ్చి ఊరుకున్నారు. ఈసారైతే వెనక వీధిలో గది చాలు. డబ్బుకు వెనకాడకపోతే బర్లింగ్ గ్యాప్ దగ్గర కొండచరియ మీదున్న బెల్ టూట్ అనే పాత లైట్‌హౌస్‌లో గదులిస్తారు. సముద్రం కోతకు కూలిపోకుండా 1999లో ఆ కట్టడాన్ని మొత్తంగా 17 మీటర్లు వెనక్కి జరిపారు.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే ఈ చుట్టు నడక వద్దు. ఎక్సీట్ నుంచి సముద్రం దాకా నది పక్కన చదునైన దారి ఉంది, రెండు కిలోమీటర్లే. వెళ్లొచ్చి పార్క్ సెంటర్ దగ్గర టీ తాగండి.