అమ్మకు ఆన్‌లైన్ డాక్టర్: ఏళ్ల తరబడి వాడాక నా మాట

అమ్మకు బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి. కరోనా రోజుల్లో గత్యంతరం లేక ఆన్‌లైన్ కన్సల్టేషన్ మొదలుపెట్టాం. ఆ అవసరం తీరాక కూడా మానలేదు. ఏ యాప్ అన్నది చెప్పను, నేను చూసినంతలో అన్నీ ఆ తానులో ముక్కలే.

ముందు మంచి సంగతి. ఆసుపత్రిలో అడుగుపెడితే చాలు, అమ్మ బీపీ పైకెక్కి కూర్చునేది. తెల్లకోటు చూస్తే పెరిగే ఇలాంటి బీపీకి వైద్యంలో వేరే పేరే ఉంది. ఆసుపత్రిలో 140/90 దాటితే ఎక్కువ అంటారు గానీ, ఇంట్లో చూసుకునేవాళ్లకు సాధారణంగా 135/85నే హద్దుగా పెట్టేది కూడా అందుకే. ఓసారి డాక్టరుగారు "ఇప్పుడు నా ఎదురుగానే చూసుకోండమ్మా" అన్నారు. అమ్మ కాలు మీద కాలు వేసుకుని, చెయ్యి గాల్లో పెట్టి, నాతో కబుర్లు చెబుతూ మిషన్ బటన్ నొక్కింది. డాక్టరుగారు నవ్వి, "పాదాలు నేలకు ఆనించండి, వీపు కుర్చీకి ఆన్చండి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టండి. ఐదు నిమిషాలు ఊరికే కూర్చోండి. మీ అబ్బాయితో మాట్లాడకండి" అన్నారు. పట్టీ చిన్నదైనా అంకె ఎక్కువ చూపిస్తుందట. అమ్మ ఇంట్లో బీపీ ఎలా చూసుకుంటుందో అంతకుముందు ఏ డాక్టరూ చూసింది లేదు. ఈ ఒక్కదానికే నేను ఆన్‌లైన్ పక్షం.

ఇక లాగిన్ గోల. నెంబరు నాది, రోగం అమ్మది. ఓటీపీ నాకొస్తుంది. నేనేమో ఆఫీసులో మీటింగులో ఉంటాను. ఫోన్ చేసి అంకెలు చదివేలోపు దాని గడువు అయిపోతుంది. పైగా అమ్మ రక్తపరీక్షల రిపోర్టు నా పేరు కింద చేరింది. హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే "యాప్ తీసేసి మళ్లీ వేసుకోండి" అన్నారు. ఏ కష్టానికైనా వాళ్ల దగ్గర ఉన్న మందు అదొక్కటే!

వీటికి ఎలాగో అలవాటు పడ్డాం. అసలు అడ్డంకి నేనేనని తర్వాత అర్థమైంది. ఫోన్ నేను పట్టుకుంటాను, అమ్మ మాట్లాడుతుంది. "రాత్రిళ్లు మూత్రానికి ఎన్నిసార్లు లేస్తున్నారు?" అని డాక్టరుగారు అడిగితే, అమ్మ నా వంక ఓ చూపు చూసి "బానే ఉందండీ" అనేసింది. అక్క వచ్చినప్పుడు అసలు విషయం బయటపడింది. బీపీ కోసం ఇచ్చిన నీటిమాత్ర (ఒంట్లో నీటిని మూత్రంగా బయటికి పంపేది) వేసుకుంటే మాటిమాటికీ లేవాల్సి వస్తోందని, అమ్మ దాన్ని చాలా రోజులుగా ఎగ్గొడుతోంది. తర్వాతి కాల్‌కు ఫోన్ స్టాండుకు పెట్టి, తలుపు దగ్గరకేసి నేను బయటికొచ్చేశాను. ఎప్పుడూ రెండు ముక్కల్లో ముగించే మనిషి ఆరోజు చాలాసేపు మాట్లాడింది. సాయంత్రం వేసుకునే ఆ మాత్రను పొద్దుటికి మార్చారు. ఇప్పుడు ఎగ్గొట్టడం లేదు.

జనం కొత్త టెక్నాలజీని వాడాలంటే అది పనికొస్తుందనిపించాలి, వాడటం తేలికనిపించాలి అని 1989లో ఫ్రెడ్ డేవిస్ అనే పరిశోధకుడు చెప్పాడు. ఆయన లెక్క ఆఫీసు కంప్యూటర్ల గురించి. ఆఫీసు పనికి ఆ రెండూ చాలేమో. ఒంటి సంగతి చెప్పుకునేచోట, పక్కన ఎవరు వింటున్నారన్నది కూడా లెక్కలోకి వస్తుంది.

రికార్డులు దొంగలపాలవుతాయన్న భయం కూడా ఉత్తిది కాదు. ఫిన్లాండ్‌లో 'వస్తామో' (Vastaamo) అనే మానసిక చికిత్సా సంస్థ నుంచి రోగుల వివరాలు కొట్టేసినవాళ్లు, 2020లో డబ్బు కట్టమని రోగులకే నేరుగా మెయిళ్లు పెట్టి బెదిరించారు. అమ్మకు ఇవేవీ పట్టవు. ఆవిడ భయమల్లా గదిలో ఉన్నవాళ్ల గురించే.

డాక్టర్ మారితే మాత్రం కథ మొదటికొస్తుంది. "అందుబాటులో ఉన్న డాక్టర్" అన్న బటన్ నొక్కారా, వచ్చిన సమయంలో సగం మాత్రల పేర్లు చెప్పడానికే సరి. రికార్డు యాప్‌లోనే ఉంటుంది, తెరిచి చూసేవాళ్లు తక్కువ. అందుకే వాడుతున్న మాత్రల స్ట్రిప్పులన్నీ వరసగా పేర్చి ఒక ఫొటో తీసి పెట్టుకున్నాను, కాల్ మొదలవగానే అది పంపేస్తాను. వేచి ఉండాల్సి వచ్చినా సరే, అలవాటైన డాక్టరుగారినే ఎంచుకుంటాం.

కొన్నింటికి ఆన్‌లైన్ పనికిరాదు. షుగర్ ఉన్నవాళ్లకు ఏటా చేయించాల్సిన కంటి రెటీనా పరీక్ష, పాదాల స్పర్శ పరీక్ష ఫోన్లో అయ్యేవి కావు. పొట్ట నొక్కి చూడాల్సిన నొప్పి అంతకన్నా కాదు. ఛాతీలో నొప్పి, మూతి వంకరపోవడం, మాట తడబడటం లాంటివైతే యాప్ జోలికే పోకుండా అంబులెన్స్ పిలవాలి.

ఐదింటికి మూడు నక్షత్రాలు ఇస్తున్నాను. అమ్మ పేరుతో అమ్మకో ఖాతా, అందులో అపాయింట్‌మెంటు తీసుకోవడానికి, మందులు తెప్పించడానికి మాత్రమే నాకు అనుమతి, డాక్టరుతో మాట్లాడినవి ఆవిడకే కనిపించేలా ఒక ఏర్పాటు కావాలి. ఎన్నోసార్లు రాశాను, "మీ సూచనకు ధన్యవాదాలు" అని జవాబొచ్చింది. ఆ ఏర్పాటు వచ్చిన రోజున నాలుగో నక్షత్రం పెడతాను.