బండల మధ్య ఖాళీ జాగాకు ఏది మేలు: అడీనియమా, వాన లిల్లీనా, తంగేడు-గునుగులా?

హైదరాబాద్ చుట్టుపక్కల ఇల్లు కట్టుకున్నవాళ్లకు రాక్ గార్డెన్ కోసం రాళ్లు కొనే పని ఉండదు. పునాది తవ్వినప్పుడు తేలిన గ్రానైట్ ముక్కలు ప్రహరీ పక్కన కుప్పగా పడే ఉంటాయి. కింద మొరం, పైన జానెడు ఎర్రమట్టి. అక్కడ ఏం పెడదామని అడిగితే నర్సరీ అతను అడీనియం చూపిస్తాడు. పక్కింటావిడ గుప్పెడు వాన లిల్లీ గడ్డలు తెచ్చి చేతిలో పెడుతుంది. ఊళ్లో ఉన్న పెద్దమ్మ మాత్రం తంగేడు ఉండగా ఇంకోటి ఎందుకంటుంది. ముగ్గురూ చెప్పేది సబబే. ఎవరి జాగాకు ఏది అన్నదే తేల్చుకోవాలి.

మొక్క ఏదైనా నేను రెండు కాలాల్లో దాని పరిస్థితి చూస్తాను. మొదటిది రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండ అని పెద్దవాళ్లు ఊరికే అనలేదు. మధ్యాహ్నం బండ మీద చెయ్యి ఆనించలేం, ఆ వేడి పొద్దుపోయాక కూడా చుట్టూ ఉన్న మట్టిలోకి దిగుతూనే ఉంటుంది. రెండోది శ్రావణంలో రోజుల తరబడి వదలని ముసురు. ఎండను ఓర్చుకునే మొక్కలు బోలెడున్నాయి. ఎండనూ ఓర్చుకుని, ముసురులోనూ కుళ్లకుండా నిలబడేవి తక్కువ.

ఈ లెక్కన ఆన్‌లైన్‌లో ఊరించే తులిప్ గడ్డల సంగతి ఒక్క ముక్కలో అయిపోతుంది. వాటికి మూడు నెలలకు తక్కువ కాకుండా గట్టి చలి కావాలి, తొమ్మిది డిగ్రీల లోపు. శ్రీనగర్‌లో 2007లో తెరిచిన తులిప్ తోటకు ఆ చలి ఊరికే దొరుకుతుంది. మనకైతే ఫ్రిజ్‌లో కూరగాయల పక్కన దాచాలి. చలిలో ఉంచి అమ్మిన గడ్డ కొన్నా ఒక్కసారి పూసి అయిపోతుంది, మరుసటి ఏడు మళ్లీ కొత్తది కొనాల్సిందే. ముచ్చట కోసమైతే ఒక కుండీలో పెట్టుకోండి, బండల మధ్య మాత్రం వద్దు.

ఇక అడీనియం. ఎడారి గులాబి అని పేరు పెట్టి అమ్ముతారు కానీ ఇది గులాబీకి చుట్టం కాదు, గన్నేరు కుటుంబానిది. సొంత ఊరు ఆఫ్రికా, అరేబియా మెట్ట ప్రాంతాలు. ఉబ్బిన ఆ కాండంలో నీళ్లు దాచుకుంటుంది కాబట్టి రోహిణి కార్తె దానికి లెక్కే కాదు, నిండు ఎండలోనే విరగబూస్తుంది. రాళ్ల మధ్య దాని అందం ఇంకో మొక్కకు రాదు, ఈ మాట ఒప్పుకోవాలి. చిక్కల్లా ముసురుతోనే. నాలుగు రోజులు వేళ్ల దగ్గర నీళ్లు నిలిస్తే కాండం అడుగున మెత్తబడుతుంది. పైన ఆకులు, పూలు మామూలుగానే ఉంటాయి, లోపల కుళ్లు పాకిపోతుంది. అందుకే వానాకాలంలో అప్పుడప్పుడు బొటనవేలితో కాండం నొక్కి చూడాలి. గట్టిగా ఉంటే సరే. స్పంజిలా లోపలికి పోతే వెంటనే తవ్వి తీసి, కుళ్లిన భాగాన్ని తెల్లటి కండ కనిపించేదాకా కోసేసి, నీడలో కొన్నాళ్లు ఆరబెట్టి మళ్లీ నాటుకోవాలి. అంటు కట్టిన రకాలు వందల నుంచి వేల దాకా పలుకుతాయి, అంత పెట్టి కొన్నాక వర్షం వచ్చిన ప్రతిసారీ టెన్షనే. కుండీలోనే ఉంచి, ఆ కుండీని రాళ్ల మధ్య దించి, ముసురు పట్టగానే సన్‌షేడ్ కిందికి జరుపుకోవడం నయం. పాలు విషం, పిల్లలు, కుక్కలు ఉన్న ఇంట్లో అది కూడా గుర్తుంచుకోవాలి.

వాన లిల్లీ కథ దీనికి పూర్తిగా తలకిందులు. ఇది కూడా మన నేలది కాదు, అమెరికా ఖండాల నుంచి వచ్చింది. కానీ ఎప్పుడో వచ్చి ఇక్కడి వాతావరణానికి బాగా అలవాటు పడింది. ఎండాకాలంలో నీళ్లు లేకపోతే ఆకు ఎండిపోతుంది, చచ్చిపోయిందనుకుంటాం. గడ్డ మాత్రం మట్టిలో చెక్కుచెదరకుండా ఉంటుంది. రోహిణి కార్తెను అలా నిద్రలోనే దాటించేసి, మొదటి గట్టి వాన పడ్డ మూడు నాలుగు రోజులకు మొగ్గ నేరుగా నేలలోంచి లేస్తుంది. ఒక్కో కాడకు ఒక్కటే పువ్వు. పొద్దున విచ్చుకుని సాయంత్రానికి ముడుచుకుంటుంది, ఒకటి రెండు రోజుల్లో వాడిపోతుంది. అందుకే పది గడ్డలు విడివిడిగా నాటితే ఏమీ కనిపించదు. ఒకే చోట రెండేసి అంగుళాల దూరంలో ఒత్తుగా నాటాలి, అప్పుడు రాయి పక్కన ఒక్కసారిగా గులాబీ రంగు పరుచుకుంటుంది. పంపు నీళ్లు ఎన్ని పోసినా వానకు పూసినట్టు పూయదు. కొన్నాళ్లు ఎండగట్టి ఆ తర్వాత బాగా తడిపితే కొంతవరకు పని చేస్తుంది.

తెల్ల రకం, గులాబీ రకం, పసుపు రకం మూడూ మన దగ్గర దొరుకుతాయి. తెల్లదానికి తేమ ఎక్కువ కావాలి, ముసురంటే ఇంకా ఇష్టం. కాబట్టి బండల మధ్య పల్లంగా ఉండి నీళ్లు జారి చేరే మూల ఉంటే అది తెల్లదానికి వదిలేయండి. గులాబీ రకం కాస్త మెరక మీద కూడా బతుకుతుంది. వాన లిల్లీకి పెద్ద శత్రువు ఒక్కటే, నల్లటి ఒంటి మీద తెలుపు, నారింజ చుక్కలున్న గొంగళి పురుగు. ఒక్క రాత్రిలో ఆకులన్నీ మొదలు దాకా నమిలేస్తుంది. మందు కొట్టే పనిలేదు, సాయంత్రం పూట ఏరి పారేస్తే చాలు, గడ్డ మళ్లీ చిగురిస్తుంది. రెండు మూడేళ్లకు గడ్డలు పిల్లలు పెట్టి ఇరుకైపోతాయి, అప్పుడు తవ్వి విడదీసి ఇంకొకరికి పంచాలి. ఈ మొక్కకు డబ్బు పెట్టి కొనేవాళ్లు తక్కువ, అడిగి తెచ్చుకునేవాళ్లే ఎక్కువ.

తంగేడు, గునుగుల దగ్గరికి వస్తే పోటీ వేరేలా ఉంటుంది. ఇవి ఈ మొరం నేలలో ఎవరూ నాటకుండానే పెరిగేవి. తంగేడును 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పంగా ప్రకటించారు, అయినా నర్సరీలో అడిగితే ఇప్పటికీ వింతగా చూస్తారు, రోడ్డు పక్క మొక్కను ఎవరైనా కొంటారా అని. నిజానికి కొనకపోవడమే మంచిది. దీని వేరు నిట్టనిలువుగా లోతుకు దిగుతుంది, సంచిలో పెరిగి వేరు చుట్టుకుపోయిన మొక్క నేలలో కోలుకోవడానికి చాలా తిప్పలు పడుతుంది. గింజలు తెచ్చుకుని, వేడి నీళ్లు పోసి రాత్రంతా నానబెట్టి, మృగశిర వానలకు ఎక్కడ ఉండాలో అక్కడే నాటాలి. గింజ పైపెంకు గట్టిది, నానబెట్టకపోతే కొన్ని మొలిచి కొన్ని మొండికేస్తాయి. ఒక ఏడు దాటితే నీళ్లు పోయనక్కర్లేదు. పెరిగితే మనిషెత్తు పొద అవుతుంది, ఏటా వానలకు ముందు మోకాలెత్తుకు నరికేస్తే గుబురుగా వస్తుంది. వెనకటికి ఆ కొమ్మలే మడిలో పచ్చిరొట్టగా తొక్కేవాళ్లు. పూత మీద పొద్దున కాసేపు నిలబడి చూడండి. నల్లటి పెద్ద తుమ్మెద పువ్వును పట్టుకుని గట్టిగా రొద చేస్తుంది, ఆ అదురుకు పుప్పొడి సంచి చివర ఉన్న రంధ్రంలోంచి పుప్పొడి రాలుతుంది. ఈ పువ్వులో తేనె ఉండదు, తుమ్మెద వచ్చేది పుప్పొడి కోసమే. అడీనియం పక్కన ఈ సందడి చూడలేదు నేను.

గునుగు ఒక్క కారుకే. తొలకరికి మొలిచి, భాద్రపదానికల్లా వెండి రంగు కంకులు వేసి, బతుకమ్మ దాకా నిలబడుతుంది. రైతుకు ఇది కలుపు మొక్క, జొన్నలో, పల్లి చేనులో పీకి పారేస్తాడు. పండగ వారం వస్తే అదే కలుపు పట్నం బజార్లో కట్టలు కట్టి అమ్ముడుపోతుంది. కంకి ఎండాక కాగితం మీద నలిపితే నల్లగా మెరిసే సన్నటి గింజలు రాలుతాయి. వాటిని మట్టిలో పాతిపెట్టకుండా పైపైన చల్లి చేత్తో అదిమితే చాలు. ఒకసారి పూసిందంటే మరుసటి ఏడు చల్లాల్సిన పని కూడా ఉండదు, పీకి పల్చన చేసుకోవడమే పని. దీని లోటల్లా ఒక్కటే. డిసెంబరు నుంచి జూన్ దాకా ఆ చోటు బోసిగా ఉంటుంది. ఇంటి ముందు ఎప్పుడూ పచ్చగా కనిపించాలనుకునేవాళ్లకు ఇది నచ్చదు.

అడవి నాభి అనే అగ్నిశిఖ గురించి కూడా కొందరు అడుగుతారు. వానలకు దుంప నుంచి తీగ లేచి, ఆకు కొసలతోనే పట్టుకుని పక్కనున్న తంగేడు మీదికి పాకుతుంది, మంట నాలుకల్లాంటి పువ్వులు. ఇంత అందమైన మన అడవి పువ్వు ఇంకోటి చెప్పడం కష్టం. అయితే దుంపలో కోల్చిసిన్ అనే విషం ఉంది, తింటే ప్రాణం మీదికి వస్తుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో వద్దంటాను. పెట్టాలనుకున్నా అడవిలో దుంపలు తవ్వి తేవద్దు, గింజలతో పెంచండి, ఆలస్యమైనా సరే.

రాళ్లు సర్దేటప్పుడు ఒక చిన్న సంగతి. ప్రతి రాయినీ మూడోవంతు దాకా మట్టిలో దించాలి, ఊరికే పైన పెడితే వానకు జారిపోతుంది. రాయికి తూర్పు పక్కన మధ్యాహ్నం నీడ పడుతుంది, అడుగున తేమ ఆరదు, లిల్లీ గడ్డలకు అదే చోటు. పడమటి పక్క వేడి తంగేడుకే తగును. రాళ్లను కదిలించేటప్పుడు చెయ్యి పెట్టకుండా గునపంతో లేపండి, తేళ్లు ఉంటాయి.

నన్నడిగితే ఇంటి ముందు నాలుగడుగుల జాగా, రోజూ కంటికి కనిపించే చోటు అయితే వాన లిల్లీకే నా ఓటు. ఖర్చు లేదు, రెండు కాలాలనూ దాటుతుంది, మరిచిపోయినా చావదు. ప్లాటు పెద్దదై, వారానికోసారి మాత్రమే వెళ్లే చోటైతే తంగేడు, దాని కింద గునుగు, ఇంకేమీ వద్దు. అడీనియం మేడ మీద కుండీల్లో పెంచేవాళ్లకు, రోజూ మొక్కలను పలకరించే ఓపిక ఉన్నవాళ్లకు. అద్దె ఇంట్లో ఉండేవాళ్లకు కూడా అదే నయం, ఖాళీ చేసేటప్పుడు కుండీతో పాటు తీసుకెళ్లొచ్చు. తంగేడునైతే తవ్వి తీసుకెళ్లలేరు, గింజలు జేబులో వేసుకుని పోవడమే.