అద్దె సెస్నాలో గోదావరి డెల్టాకు

చిన్న విమానాన్ని అద్దెకు తీసుకుని దూరం వెళ్లాలనుకునే వారు ముందుగా అడిగేది గంటకు ఎంత అని. బేగంపేట నుంచి రాజమహేంద్రవరం వెళ్లి, డెల్టా మీద ఒక చుట్టు తిరిగి, సంక్రాంతికి కోనసీమలో బస చేసి వచ్చిన మీదట, అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్నలు రెండున్నాయని చెప్పగలను. విమానం ఎగరకుండా నిలబడి ఉన్న రోజుకు ఎంత కట్టాలి? దిగిన చోట దానికి పెట్రోలు దొరుకుతుందా? ఎక్కడ ఎన్నాళ్లు ఉండాలి, ఎంత మేర తిరగాలి అన్నది మా విషయంలో ఈ రెండు జవాబులే తేల్చాయి.

మన దగ్గర స్వయంగా నడుపుకోవడానికి విమానం కావాలంటే ఫ్లయింగ్ స్కూళ్లను ఆశ్రయించవలసిందే. ప్రైవేట్ పైలట్ లైసెన్సు ఉన్నా సరే, దూరప్రయాణానికి తమ ఇన్‌స్ట్రక్టరును పక్కన కూర్చోబెట్టి మాత్రమే పంపుతామని నాకు సెస్నా 172 అనే నాలుగు సీట్ల చిన్న విమానం ఇచ్చిన వారు షరతు పెట్టారు. డెల్టా పొగమంచును చూశాక అది న్యాయమైన షరతేనని అనిపించింది. ఆయన బస, భోజనం అద్దెకు తీసుకున్నవారి ఖర్చే. అద్దెలో పెట్రోలు కలిసి ఉంటుంది గాని లెక్క హాబ్స్ మీటరు ప్రకారం. ఇంజను నడుస్తున్నంతసేపూ తిరిగే మీటరు కాబట్టి, రన్‌వే చివర ఏటీఆర్ ప్రయాణికుల విమానం దిగేదాకా ఆగిన నిమిషాలకు కూడా గాలిలో ఉన్న నిమిషాలతో సమానంగా కట్టాలి. దీనికంటే బరువైన నిబంధన మరొకటి ఉంది. విమానాన్ని రాత్రి బయట ఉంచితే, ఎగిరినా ఎగరకపోయినా రోజుకు కనీసం ఇన్ని గంటల అద్దె అని రాసి ఉంటుంది. శిక్షణకు వచ్చే పిల్లలందరూ ఊళ్లకు వెళ్లిపోయే పండగ సెలవుల్లో ఆ విమానం ఎలాగూ హ్యాంగరులోనే ఉంటుంది గనుక, కనీసపు అద్దెను తగ్గించమని అడిగాను. వారు ఒప్పుకున్నారు. అక్కడ మిగిలిన డబ్బులో చాలా భాగం కోనసీమలో పండగ రోజుల గది అద్దెలకు వెళ్లిపోయింది.

పెట్రోలు సంగతి వివరంగా చెప్పాలి. విమానాశ్రయంలో విమానాల ఇంధనం ఉండకపోతుందా అనుకోవడం సహజం. రాజమహేంద్రవరానికి వచ్చే ఏటీఆర్‌లు, ఎయిర్‌బస్‌లు వాడేది కిరోసిను జాతికి చెందిన ఏటీఎఫ్. సెస్నా పిస్టన్ ఇంజనుకు కావలసినది ఎవ్‌గ్యాస్ 100 ఎల్ఎల్ అనే పెట్రోలు. ఒకప్పుడు దీనిని దిగుమతి చేసుకునేవారు. 2022లో ఇండియన్ ఆయిల్ సంస్థ దేశీయంగా తయారైన ఎవ్‌గ్యాస్‌ను విడుదల చేసింది. అయినా శిక్షణ జరిగే చోట్ల తప్ప తేలికగా దొరికే సరుకు కాదు. అందుచేత, నిండు ట్యాంకులతో బయలుదేరి వాటితోనే తిరిగి రావాలని లెక్క వేశాం. ట్యాంకులలో వాడుకోదగినది సుమారు 200 లీటర్లు, గంటకు ఖర్చయ్యేది 35 లీటర్ల వరకు. బేగంపేట నుంచి తిన్నగా వెళితే సుమారు 355 కిలోమీటర్లు, అంటే రెండు గంటల లోపు. వెనక్కి రావడానికీ అంతే. ఎట్టి పరిస్థితిలోనూ ముట్టుకోకూడని గంట పెట్రోలును పక్కన పెడితే, డెల్టా మీద తిరగడానికి ముప్పావు గంటకు మించి మిగలలేదు. యానాం, సముద్రతీరం, అంతర్వేది చుట్టి రావాలంటే గంట దాటుతుంది. కాబట్టి అంతర్వేదిని కారు ప్రయాణానికి వదిలేసి, యానాం దగ్గర మళ్లి అమలాపురం మీదుగా వెనక్కి రావాలని హైదరాబాదులోనే తీర్మానించుకున్నాం.

ఫ్లైట్ ప్లాన్ వేసి, ఎయిర్ డిఫెన్స్ క్లియరెన్స్ నంబరు, ఎఫ్ఐసీ (ఫ్లైట్ ఇన్ఫర్మేషన్ సెంటర్) నంబరు తీసుకున్న తరువాతే కదలాలి. దారి సులువు. ఖమ్మం, సత్తుపల్లి, జంగారెడ్డిగూడెం దాదాపు ఒకే గీత మీద వస్తాయి. ఎడమవైపు పాపికొండలు మసకగా కనిపించి, గోదావరి దాటగానే రాజమహేంద్రవరం విమానాశ్రయమున్న మధురపూడి రన్‌వే ఎదురవుతుంది. దాని పొడవు 3,165 మీటర్లు, సెస్నాకు అందులో ఐదో వంతు కూడా అక్కరలేదు. అక్కడి సిబ్బంది మర్యాదలో లోటు లేదు. పెద్ద విమానాల ప్రొపెల్లర్ గాలి తగలని మూల చూపించి నిలుపుకోమన్నారు. అయితే చిన్న విమానాన్ని కట్టి ఉంచే తాళ్లు, చక్రాలకు అడ్డుపెట్టే దిమ్మలు అక్కడ ఉంటాయని ఎదురు చూడకుండా వెంట తీసుకువెళ్లడం మంచిది. మేము తీసుకువెళ్లాం, రాత్రంతా నిశ్చింతగా ఉన్నాం.

మర్నాడు భోగి. కాలవలు, నీరు పెట్టిన చేలు, గాలి ఆడని చలి రాత్రి కలిసి డెల్టాలో జనవరి ఉదయాలను పొగమంచుతో కప్పేస్తాయి. భోగిమంటల పొగ దానికి తోడైతే వంద గజాల అవతల ఏముందో తెలియదు. కంటిచూపు మీద ఆధారపడి నడిపే విమానానికి కనీసం 5 కిలోమీటర్ల దూరం కనిపించాలి. పది దాటేదాకా ఆగవలసి వచ్చిన ఆ సమయాన్ని విమానాన్ని తనిఖీ చేయడానికి వాడుకున్నాం. రెక్కల పైనుంచి మంచునీరు ధారగా కారుతోంది. కొంత ఖాళీ అయిన ట్యాంకులలో రాత్రి తేమ పట్టి నీరు చేరుతుంది కాబట్టి, ఒక్కో రెక్క కింద ఐదు, ఇంజను కింద మూడు, మొత్తం 13 చోట్ల చిన్న గాజులాంటి గొట్టాన్ని నొక్కి పెట్రోలు పట్టి చూడాలి. ఎడమ రెక్క కింద పట్టిన లేత నీలం పెట్రోలు అడుగున, గుండ్రంగా, రంగులేని బొట్టు ఒకటి కదిలింది. నీరు. మూడోసారి పట్టినప్పుడు గాని అది పూర్తిగా పోలేదు. ఆ బొట్టు ఇంజనులోకి వెళితే ఏమవుతుందో ఎరిగినవారు ఎవరూ ఈ పనిలో తొందరపడరు.

డెల్టాను నేను చిన్నప్పటి నుంచి ఎరుగుదును గాని, 2,500 అడుగుల నుంచి చూసినప్పుడే దాని అమరిక అర్థమైంది. ధవళేశ్వరం దగ్గర బ్యారేజీ ఒకే గోడ కాదు. మధ్యలోని లంకలను కలుపుతూ నాలుగు ముక్కలుగా, 175 గేట్లతో నదికి అడ్డంగా సాగుతుంది. 1852లో కాటన్ దొర పూర్తి చేయించిన ఆనకట్ట చోటే ఇది. ఎగువన నిండుగా, కదలని నీరు. దిగువన జనవరిలో ఇసుకమేటలు, వాటి నడుమ సన్నని పాయలు. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు కాలవలు అక్కడి నుంచే విడిపోతాయి. గోదావరి పాయ గౌతమి వెంట కిందికి వెళుతుంటే కడియం నర్సరీల రంగుల మడులు, ఆ తరువాత దాళ్వా (రబీ వరి) నాట్లకు నీరు పెట్టిన చేలు, వాటిని మింగుతూ వస్తున్న రొయ్యల చెరువులు కనిపించాయి. చేలల్లో నీరు ఆకాశం రంగులో ఉంటే, చెరువుల నీరు చిక్కటి పచ్చగా ఉంటుంది. రెండింటి మధ్య కొత్తగా తవ్విన గట్లు ఎంత లోపలికి వచ్చాయో పైనుంచి స్పష్టంగా తెలుస్తుంది. ఆ దృశ్యం నన్ను కలవరపెట్టింది.

యానాం దగ్గర ఎదుర్లంక వంతెన దాటిన తరువాత దూరంగా కోరింగ మడ అడవుల ముదురు రంగు చూసి వెనక్కి మళ్లాం. అమలాపురం మీద కొబ్బరి తలలు తప్ప రోడ్డు కూడా కనిపించదు. ఇంజను ఆగితే ఎక్కడ దింపుతావని ఇన్‌స్ట్రక్టరు అడిగినది అక్కడే. కొబ్బరితోటలు, చెరువులు, నీటి చేలు తప్ప మరొకటి లేని నేల అది. నది ఇసుకమేటలకు అందే ఎత్తును వదులుకోకూడదని ఆయన హెచ్చరించారు. డెల్టా మీద ఎగరబోయేవారు ఈ మాటను గుర్తుంచుకోవాలి. పి. గన్నవరం దగ్గర వైనతేయ మీదుగా నది దాటిపోయే కాలవ ఆ చుట్టులో నాకు అన్నిటికంటే నచ్చింది. పాత అక్విడక్టు పక్కనే డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిన కొత్తది ఉంది. కింద నది, పైన సాగునీరు. ఆ ఫొటో చూసిన మా పెదనాన్నగారి అబ్బాయి, "నలభై ఏళ్లుగా దాని మీద నుంచి తిరుగుతున్నాను గాని, ఇలా ఉంటదని తెలీదురా" అన్నాడు.

బసల విషయానికి వస్తే, రాజమహేంద్రవరంలో గోదావరి గట్టున గది తీసుకోవాలన్న కోరికను విమానంతో వచ్చినవారు అణచుకోవడం మేలు. మధురపూడి విమానాశ్రయం ఊరికి సుమారు 18 కిలోమీటర్ల దూరం. ఉత్తరం వైపున్న సాదా హోటలే సౌకర్యం. కోనసీమలో రెండు రకాల బసలూ చూశాం. నది ఒడ్డున ఉన్న ఒక రిసార్టు వారు పండగ ధర పేరుతో మామూలుకు రెట్టింపు తీసుకుని, వేడినీళ్లకు గంటన్నర ఆపారు. ఆ ధరకు నది దృశ్యం ఒక్కటే మిగిలింది. అంబాజీపేట దగ్గర కొబ్బరితోటలోని ఇంటి బస దానికి నాలుగింతలు మేలు. గది చిన్నదే గాని శుభ్రంగా ఉంది, భోజనం ఇంటివారితో పాటే. పులస కావాలని అడిగితే, అది వరదల నాటి చేప, జనవరిలో ఎవరైనా పెడితే పులస కాదని ఇంటావిడ నిజాయితీగా చెప్పారు. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం ఉత్సవానికి అక్కడి నుంచి నడిచే వెళ్లవచ్చు. ఆ రోజు ఆ దారుల్లో కారు తీయడం వృథా.

అంతర్వేది చూసుకుని సఖినేటిపల్లి రేవులో కారును పంటు (రేవు దాటించే పెద్ద పడవ) మీదికి ఎక్కించి నరసాపురం దాటాం. చించినాడ వంతెన మీదుగానూ వెళ్లవచ్చు, కాని వశిష్ఠ వెడల్పు పంటు మీద ఉన్నప్పుడే తెలుస్తుంది. పండగ రద్దీలో కార్ల వరుస పొడవుగా ఉంటుంది, అంతే.

తిరుగు ప్రయాణంలో బంధువులు ఇచ్చే పూతరేకులు, కొబ్బరికాయల బస్తాలతో జాగ్రత్త అవసరం. సెస్నా వెనుక సామాను అరలో 54 కిలోలకు మించకూడదు. కాయలను తూచి, సగం బస్తాను మా అన్నయ్యకే తిరిగి ఇచ్చేశాం. బయలుదేరేటప్పుడు, దిగినప్పుడు హాబ్స్ మీటరును ఫొటో తీసి ఉంచుకున్నాను. లెక్క చూసినప్పుడు బిల్లులో కొంత ఎక్కువ పడింది. ఫొటోలు చూపించగానే మారుమాట లేకుండా సవరించారు. మళ్లీ వెళితే మాత్రం పండగకు కాకుండా, మంచు పలచబడే ఫిబ్రవరి చివర వెళ్లాలని ఉంది. విమానానికి రోజువారీ కనీసపు అద్దె పూర్తిగా కట్టవలసి వచ్చినా, ఉదయం ఏడింటికే గాలిలో ఉండవచ్చు, గదులు కూడా మామూలు ధరకు దొరుకుతాయి.