సముద్ర సంరక్షణ ఇంటర్న్‌షిప్‌కి డబ్బు కట్టబోతున్నారా? ముందు ఇది చదవండి

మారుమూల దీవిలో ఉంచి పగడపు దిబ్బల మీద, తాబేళ్ల మీద పని నేర్పిస్తామంటూ ఫీజు తీసుకునే ఇంటర్న్‌షిప్‌లు ఇప్పుడు చాలా కనిపిస్తున్నాయి. వాటిలో ఒకదానికి మొత్తం డబ్బు ముందే కట్టి వెళ్లొచ్చాను. అక్కడ మా చేత చేయించిన దాంట్లో ఎక్కువ భాగం పక్కనున్న రిసార్టు చాకిరీ. సైన్సు పేరుతో చేయించిన కాస్తా ఎవరికీ చేరలేదు. సంస్థ పేరు రాయడం లేదు. ఇలాంటివి రేపు ఇంకో పేరుతో వస్తాయి కాబట్టి, గుర్తుపట్టడం ఎలాగో చెబుతాను.

ముందు ఒక మాట. దీవిలో బతుకు కష్టంగా ఉందని నేను ఫిర్యాదు చేయడం లేదు. జనరేటర్ సాయంత్రం కొన్ని గంటలే నడుస్తుంది, ఆ కాసేపట్లోనే అందరూ ఫోన్లు చార్జింగ్ పెట్టుకోవాలి. తాగడానికి ట్యాంకులో పట్టిన వాన నీళ్లు, స్నానానికి ఉప్పగా ఉండే బావి నీళ్లు. సరుకుల పడవ వారానికోసారి వస్తుంది, సముద్రం బాగోలేకపోతే అదీ రాదు, అప్పుడు డబ్బాల్లో ఉన్నదే తినాలి. బట్టలు ఎప్పటికీ పూర్తిగా ఆరవు. పగడం గీసుకున్న చిన్న గాయం కూడా తడికి మానక వారాల తరబడి సతాయిస్తుంది. గాలి ఎక్కువైతే డైవింగ్ ఉండదు, గదిలో కూర్చోవాలి. ఇవన్నీ మంచి సంస్థ దగ్గరా ఉంటాయి. నిజం చెప్పాలంటే ఏసీ లేదు, నెట్ రాదు అని ఒక్క స్టార్ ఇచ్చేవాళ్ల వల్లే అసలు ఫిర్యాదులు రివ్యూల్లో కింద పడి కనబడకుండా పోతున్నాయి. కష్టం ఉంటుందని ఒప్పుకునే వెళ్తాం. ఆ కష్టం దేనికోసం పడుతున్నాం అన్నదే చూసుకోవాలి.

బ్రోషర్‌లో దినచర్య ఇలా ఉంది: పొద్దున్నే డైవ్ చేసి సర్వే, మధ్యాహ్నం డేటా ఎంట్రీ, సాయంత్రం క్లాసు, రాత్రి తాబేళ్ల కోసం బీచ్‌లో గస్తీ. అక్కడ జరిగింది వేరు. తెల్లవారకముందే లేపి, ఒడ్డుకు కొట్టుకొచ్చిన సముద్రపు గడ్డినీ నాచునూ రిసార్టు ముందు నుంచి ఊడ్పించేవాళ్లు. అతిథులు లేచేసరికి ఇసుక తెల్లగా కనబడాలట. ఆ గడ్డి ఇసుక కొట్టుకుపోకుండా పట్టి ఉంచుతుందనీ, పీతలకూ పక్షులకూ అందులోనే తిండి దొరుకుతుందనీ సాయంత్రం క్లాసులో వాళ్లే చెప్పారు! తర్వాత కంప్రెసర్ దగ్గర డైవింగ్ సిలిండర్లలో గాలి నింపడం, వాటిని పడవ దాకా మోయడం, అతిథులు వాడిన వెట్‌సూట్లు కడగడం. మా డైవ్ సంగతి అంటారా, అతిథుల పడవలో సీటు మిగిలితేనే. మిగలని రోజుని బోర్డు మీద 'పరిశీలన దినం' అని రాసేవాళ్లు. సరంగు ఒక్కడే మమ్మల్ని చూసి జాలిపడేవాడు.

ఇక సర్వే సంగతి. 1996లో మొదలైన రీఫ్ చెక్ అనే కార్యక్రమం శాస్త్రవేత్తలు కానివాళ్ల చేత కూడా పగడపు దిబ్బల లెక్క తీయిస్తుంది. దాని పద్ధతి తెలిస్తే ఎక్కడికెళ్లినా అసలుదేదో నకిలీదేదో పోల్చుకోవచ్చు. ఒకే లోతులో 100 మీటర్ల టేపు పరుస్తారు. అందులో 20 మీటర్ల చొప్పున నాలుగు ముక్కలు, మధ్యలో 5 మీటర్ల ఖాళీ. టేపు వెంట 5 మీటర్ల వెడల్పున చేపలు లెక్కపెడతారు. ప్రతి అర మీటరుకీ టేపు కింద ఏముందో రాస్తారు: బతికున్న పగడమా, ఈమధ్యే చచ్చినదా, రాయా, ఇసుకా, నాచా. ఈ పని చేసేవాళ్లకు ముందుగా చేపలనూ పగడాలనూ గుర్తుపట్టడంలో పరీక్ష పెడతారు. పాసైతేనే వాళ్ల లెక్క తీసుకుంటారు. నీళ్లలో నిలకడగా తేలడం రాకపోతే టేపు దగ్గరికే రానివ్వకూడదు. బండలా గుండ్రంగా పెరిగే పగడాలు ఏడాదికి ఒక సెంటీమీటరు అటూ ఇటూగా పెరుగుతాయి. ఈదడానికి కాళ్లకు తొడుక్కునే ఫిన్ ఒక్కసారి తగిలితే ఎన్నేళ్ల పెరుగుదల పోతుందో మీరే లెక్కేసుకోండి.

మాకు మొదటి డైవ్‌లోనే నీళ్లలో రాసుకునే స్లేట్ చేతికి ఇచ్చేశారు. పరీక్ష లేదు, శిక్షణ లేదు. ఒకే టేపు మీద నేనూ పక్కనున్న అమ్మాయీ రాసిన చేపల లెక్కలకు పొంతనే లేదు. ఏది రాయాలని అడిగితే సగటు వేసేయమన్నారు. తర్వాత ఒకరోజు మెట్ల కింద చీపురు కోసం వెతుకుతుంటే ప్లాస్టిక్ టబ్ ఒకటి కనబడింది. నిండా పాత బ్యాచ్‌ల సర్వే షీట్లు. పెన్సిల్ రాతలు చెరిగిపోయి, కాగితాలు ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. ఒక్కటీ కంప్యూటర్‌లోకి ఎక్కలేదు. మేం నింపిన షీట్లు కూడా పై పొరలో అందులోనే ఉన్నాయి.

నాకు అన్నిటికన్నా ఒళ్లు మండింది ఇక్కడే. సముద్రం వేడెక్కి పగడాలు తెల్లబారిపోతున్నాయి. 1998, 2010, 2014–17 తర్వాత ప్రపంచవ్యాప్తంగా ఇది నాలుగోసారి జరుగుతోందని 2024 ఏప్రిల్‌లో అధికారికంగా ప్రకటించారు. బ్రోషర్ మొదటి పేజీలో ఆ వార్తే వేసి 'మీ అవసరం ఉంది' అని రాశారు. అవసరం నిజమే. ఏ దిబ్బ ఎప్పుడు తెల్లబారింది, ఎంత కోలుకుంది అన్న లెక్కలు ఇలాంటి మారుమూల చోట్ల నుంచే రావాలి. వీళ్లు ఆ అవసరాన్ని చూపించి డబ్బు తీసుకుని, లెక్కల్ని టబ్‌లో పడేస్తున్నారు.

తాబేళ్ల హ్యాచరీ, అంటే గుడ్లను తెచ్చి ఇసుకలో పూడ్చి పొదిగించే చోటు, చూపించి ఎవరైనా ఫొటోలు పంపితే మురిసిపోకండి. సముద్ర తాబేలు గూడును ఉన్నచోటే కాపాడటం సరైన పద్ధతి. అలలు ముంచేస్తాయనో, ఎవరైనా తవ్వేస్తారనో గట్టి కారణం ఉంటేనే కదిలించాలి. అదీ గుడ్లు పెట్టిన కొన్ని గంటల్లోపే. ఆలస్యమైతే పిండం గుడ్డు లోపలి పొరకు అతుక్కుంటుంది, అప్పుడు గుడ్డు తిరగబడితే పిండం చచ్చిపోవచ్చు. ఇసుక వేడిని బట్టి పిల్లలు ఆడా మగా తేలతాయి. 29 డిగ్రీల చుట్టుపక్కల రెండూ కలిసి పుడతాయి, ఇంకా వేడెక్కితే ఆడవే ఎక్కువ. అందుకే సరైన హ్యాచరీలో నీడా, ఇసుకలో థర్మామీటరూ, గూడు గూడుకీ రికార్డూ ఉంటాయి. మా దగ్గర హ్యాచరీని డైనింగ్ హాల్ ముందు, ఎర్రటి ఎండలో పెట్టారు. అతిథులకు కనబడాలి కదా.

పిల్లలు మామూలుగా ఇసుక చల్లబడ్డాక రాత్రిపూట పైకొస్తాయి. పొట్టలో మిగిలిన పచ్చసొన బలంతోనే సముద్రంలోకి పరిగెత్తి, ఒడ్డుకు దూరంగా పోయేదాకా ఆగకుండా ఈదుతాయి. ఇక్కడ వాటిని మర్నాటి సాయంత్రం దాకా టబ్బుల్లో ఉంచేవాళ్లు. ఆ బలమంతా టబ్బు గోడలకు కొట్టుకోవడంలోనే అయిపోయేది. సాయంత్రం అతిథులకు టికెట్ పెట్టి, చేతుల్లో పెట్టి, ఫ్లాష్‌లతో ఫొటోలు తీయించి వదిలేవాళ్లు. టికెట్లు చించే డ్యూటీ ఇంటర్న్‌లది. పగడాలు నాటడం కూడా ఇదే బాపతు. ఇనప చట్రానికి పగడపు ముక్కలు కట్టి దాతల పేర్లతో పలకలు తగిలించేవాళ్లు. తర్వాత నాచు గీకి శుభ్రం చేసే నాథుడు లేడు. పాత చట్రాల మీద చెక్కుచెదరకుండా ఉన్నవి పేరు పలకలే.

డైవింగ్ భద్రత విషయంలో మాత్రం దయచేసి మొహమాటపడకండి. మొదటి స్థాయి ఓపెన్ వాటర్ కోర్సు చేసినవాళ్లకు పరిమితి 18 మీటర్లు. కోర్సు అప్పుడే ముగించినవాళ్లను కూడా, అతిథులు అడిగారని, అంతకన్నా లోతుకు తీసుకెళ్లారు. లోతు నుంచి పైకొచ్చాక ఒంట్లో గాలి బుడగలు కట్టే డీకంప్రెషన్ సమస్య వస్తే ప్రథమ చికిత్స స్వచ్ఛమైన ఆక్సిజన్, ఆ తర్వాత రీకంప్రెషన్ ఛాంబర్, అంటే గాలి ఒత్తిడి పెంచి చికిత్స చేసే గది. మా బ్యాచ్‌లో ఒకతను పైకొచ్చాక కళ్లు తిరుగుతున్నాయని కూలబడితే ఆక్సిజన్ పెట్టె తెరిచారు. సిలిండర్ మీటరు సున్నా దగ్గర ఉంది. అదృష్టం బాగుండి అది చెవి సమస్యే అయింది. చివరి రోజు పొద్దున డైవ్, అదే సాయంత్రం విమానం అని షెడ్యూల్ ఇస్తే మీరే కాదనండి. వరసగా డైవ్‌లు చేసినవాళ్లు విమానం ఎక్కే ముందు కనీసం 18 గంటలు ఆగాలన్నది డైవర్లకు తెలిసిన నియమం. ఇంకోటి, మామూలు ప్రయాణ బీమాల్లో చాలావాటికి డైవింగ్ వర్తించదు. పాలసీలో ఆ ముక్క వెతికి చదవండి.

డబ్బు విషయం త్వరగా చెప్పేస్తాను. 'అన్నీ కలిపే' అన్న ఫీజులో ఏవీ కలవలేదు. డైవింగ్ సర్టిఫికేషన్, సామాన్ల అద్దె, మెరైన్ పార్కు ప్రవేశం, పడవ డీజిల్... దేనికదే విడిగా వసూలు చేశారు. రసీదు మీద 'విరాళం' అని ఉంటుంది. మధ్యలో వెళ్లిపోతాం, మిగతాది ఇవ్వండి అంటే విరాళాలు వెనక్కి ఇవ్వం అంటారు. సర్టిఫికెట్ కావాలంటే ముందు ఫైవ్ స్టార్ రివ్యూ పెట్టి స్క్రీన్‌షాట్ చూపించాలి. వాళ్ల రివ్యూలన్నీ ఎందుకంత తియ్యగా ఉన్నాయో అప్పుడర్థమైంది. టూరిస్టు వీసా మీద రమ్మని, ఎయిర్‌పోర్టులో ఇంటర్న్‌షిప్ మాట ఎత్తొద్దని మెయిల్ పెట్టారు. జీతం లేని పనికి కూడా అనుమతి కావాలనే దేశాలు చాలా ఉన్నాయి. పట్టుబడితే వెనక్కి పంపేది మిమ్మల్ని, వాళ్లను కాదు.

కాబట్టి కట్టే ముందు వాళ్లను మెయిల్‌లోనే అడగండి, ఫోన్‌లో వద్దు. గత బ్యాచ్ డేటా ఎవరికి పంపారు, దాని మీద వచ్చిన రిపోర్టు ఏది? డేటా తీసుకునే యూనివర్సిటీ పేరో ప్రభుత్వ శాఖ పేరో చెబితే, వాళ్లకు విడిగా మెయిల్ రాసి సరిచూసుకోండి. నాకైతే ఈ ఒక్క ప్రశ్నే మిగతా అన్నిటికన్నా ముఖ్యం. తాబేళ్లకు గుర్తింపు ట్యాగ్ వేస్తాం, గుడ్లు కదిలిస్తాం అంటే వన్యప్రాణి శాఖ అనుమతి కాపీ అడగండి. దగ్గర్లోని రీకంప్రెషన్ ఛాంబర్ ఎక్కడుంది, అక్కడికి ఎలా తీసుకెళ్తారు అని అడగండి. సర్వే పడవ, టూరిస్టుల పడవ వేర్వేరా అని కూడా. పాత ఇంటర్న్‌ల నంబర్లు వాళ్లిస్తే మెచ్చుకునేవాళ్లవే ఇస్తారు. వాళ్ల పేజీలో ఫొటోల కింద ట్యాగ్ అయినవాళ్లకు మీరే మెసేజ్ పెట్టండి. ఇలా అడిగితే మంచి సంస్థలు విసుక్కోవు. మాకు డేటా లేదు, ఇది నేర్చుకునే సెలవు మాత్రమే అని సూటిగా చెప్పే చోట్లు కూడా ఉన్నాయి. అలా తెలిసి వెళ్తే ఇబ్బంది లేదు.

ఇప్పటికే కట్టేసినవాళ్లు ప్రకటన పేజీనీ, దినచర్య ఉన్న బ్రోషర్‌నూ, మెయిళ్లనూ ఇవాళే సేవ్ చేసి పెట్టుకోండి. మేం ఫిర్యాదు చేసిన తర్వాత వాళ్ల పేజీలో 'రోజూ డైవ్' కాస్తా 'వీలునుబట్టి డైవ్' అయిపోయింది. కార్డుతో కట్టి ఉంటే, చెప్పిన సేవ అందలేదని బ్యాంకులో డిస్ప్యూట్ వేయొచ్చు. దానికి గడువు ఉంటుంది, ఇంటికొచ్చాక చూద్దామనుకుంటే దాటిపోవచ్చు. మా బ్యాచ్‌లో కార్డుతో కట్టినవాళ్లకు కొంతైనా తిరిగొచ్చింది. ఒక వ్యక్తి సొంత ఖాతాకు ట్రాన్స్‌ఫర్ చేసినవాళ్లకు మాత్రం ఇంతవరకూ ఏమీ రాలేదు.