మడిగట్టు మీది మట్టిరంగు పిట్టకి మెర్లిన్ యాప్ పనికొస్తుందా?

వరికోతలయ్యాక మళ్లలో ఒక సన్నపాటి పిట్ట నాలుగడుగులు పరుగెత్తి, టక్కున ఆగి, నిటారుగా నిలబడి తోక ఆడిస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో దాన్ని చూడనివాళ్లు ఉండరు. పేరడిగితే మాత్రం చాలామంది ‘పిచికే కదా’ అనేస్తారు. పిచిక కాదు, పాడీఫీల్డ్ పిపిట్. కొంగల్నీ లకుముకి పిట్టల్నీ ఏ యాప్ అయినా చెప్పేస్తుంది. సత్తా తేలేది ఇలాంటి నేలపిట్టల దగ్గరే కాబట్టి, పక్షుల్ని గుర్తుపట్టి పేరు చెప్పే మెర్లిన్ యాప్‌ని (అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ వాళ్లది) వీటితోనే తూచాలి.

యాప్ ఉచితం, ప్రకటనల బెడద లేదు. 2014లో అమెరికా పక్షులతో మొదలైంది, కూత విని పేరు చెప్పే సౌండ్ ఐడీ 2021లో వచ్చింది. మన దేశపు పక్షుల ప్యాక్ వందల ఎంబీలు ఉంటుంది, వైఫై ఉన్నచోటే దించుకుని బయల్దేరాలి. ఒకసారి దిగాక సిగ్నల్ లేని కొండవారల్లో కూడా ఫోటో, కూత రెండూ పనిచేస్తాయి.

ప్రశ్నలడిగి పేరు చెప్పే పద్ధతిలో చోటు, తేదీ, సైజు, రంగులు, పిట్ట ఏం చేస్తోందన్నది అడుగుతుంది. బోల్తా పడేది సైజు దగ్గర. అక్కడ కొలతగా చూపే రాబిన్ అమెరికాది, సుమారు 25 సెంటీమీటర్లు. ఇండియన్ రాబిన్ అనే మన పెరటి నల్లంచి అంతకంటే చాలా చిన్నది. నల్లంచిని తలుచుకుని ‘రాబిన్ అంత’ నొక్కితే జాబితా మొత్తం పక్కదారి పడుతుంది. పిపిట్‌కి ‘పిచిక అంత’ నొక్కాలి. చివరి ప్రశ్నకి ‘నేల మీద’ అన్నది మరిచిపోవద్దు.

ఇంతా చేస్తే వచ్చే జాబితాలో మూడు నాలుగు మట్టిరంగు పిట్టలు మిగులుతాయి. అక్కణ్ణుంచి పని యాప్‌ది కాదు, కళ్లది. ముందు ముక్కు చూడండి. పిపిట్‌ది సూదిలా సన్నం, దాన్ని పోలిన ఇంకో నేలపిట్ట బుష్‌లార్క్‌ది గింజలు కొరికే మొద్దు ముక్కు. పిపిట్‌కి కాళ్లు పొడుగు, లేచి ఎగిరినప్పుడు తోక రెండంచులా తెల్లటి ఈకలు మెరుస్తాయి. జెర్డాన్ బుష్‌లార్క్‌కి తోక పొట్టి, రెక్క విప్పితే ఇటుకరంగు కనిపిస్తుంది. పైగా అది తుప్ప కొనమీదో కరెంటు తీగమీదో కూర్చుని పాడుతుంది, పైకెగిరి రెక్కలెత్తి కాళ్లు వేలాడేసి గొడుగులా కిందికి దిగుతుంది. ఆ దిగడం ఒక్కసారి చూస్తే ఫోటో అక్కర్లేదు. ఆకాశంలో చుక్కంత ఎత్తున నిలబడి ఆగకుండా పాడేది స్కైలార్క్, మన భరతపక్షి. దాని కోసం చెరువు గర్భాల్లో, తడి గడ్డి పట్టున వెతకండి. దుక్కి దున్ని వదిలేసిన మెట్టల్లో కనిపించే పొట్టి పిట్టకి పొట్ట నల్లగా, నెత్తి బూడిదగా ఉంటే యాషీ క్రౌన్డ్ స్పారో లార్క్ మగది. ఆడది మాత్రం అచ్చం ఆడ పిచికలాగే ఉంటుంది, పక్కన మగదాన్ని చూసుకుని నిర్ధారించుకోవడమే మేలు.

ఫోటో ఐడీ బాగానే పనిచేస్తుంది, ఫోటో బాగుంటే. పిట్ట మీద యాప్ చూపే చదరం బిగించి పెట్టాలి, ముక్కు, రొమ్ము గీతలు, వీలైతే వెనకవేలి గోరు కూడా కనపడాలి. ఫోను జూమ్ చాలదు. 8×42 బైనాక్యులర్ కంటి అద్దానికి ఫోను ఆనించి తీస్తే నయం. వాట్సాప్‌లో వచ్చిన ఫోటోతో ఇంకో చిక్కు ఉంది: మామూలుగా పంపితే తీసిన చోటు, తేదీ ఊడిపోతాయి. వాటిని చేత్తో నింపకపోతే యాప్ చేతిలో ఉన్న పెద్ద బలం పోయినట్టే. నేలపిట్టల విషయంలో సగం జవాబు ‘ఎక్కడ, ఎప్పుడు’ లోనే ఉంది మరి. బుష్‌లార్క్‌లే చూడండి: జెర్డాన్‌ది దక్షిణ భారతం, శ్రీలంక. బెంగాల్ బుష్‌లార్క్‌ది ఉత్తరాది. చోటు కోల్‌కతా అని ఉండిపోతే ఇచ్చాపురంలో తీసిన పిట్టకి బెంగాల్ పేరు పైకొస్తుంది. (ఆ పిట్ట పేరులోని జెర్డాన్, 1836లో మద్రాసు వచ్చిన సైనిక వైద్యుడు, మొదట కొలువు చేసింది ఇచ్చాపురానికి అవతలున్న గంజాంలోనే.) అలాగే పిపిట్‌ని మించిన సైజుతో, ఛాతీ విరుచుకుని నిలబడే రిచర్డ్స్ పిపిట్ మనకి చలికాలపు చుట్టం. మే నెలలో యాప్ ఆ పేరు చెప్తే నమ్మకండి. యాప్‌లోని పటంలో ఊదా రంగు ఏడాదంతా ఉండే చోటు, నీలం చలికాలపు చోటు.

సౌండ్ ఐడీకి తీరప్రాంతం కలిసిరాదు. నౌపడ ఉప్పు మళ్ల దగ్గరా, ఉద్దానం తీరాన కొబ్బరి తోటల్లోనూ గాలి హోరుకి కూత మునిగిపోతుంది. తెల్లారగానే, గాలి లేవకముందు, గాలికి వీపు పెట్టి, మైకు ఉన్న అంచు పిట్టవైపు తిప్పి కనీసం అర నిమిషం కదలకుండా ఉండాలి. పక్కన పంపుసెట్టు నడుస్తుంటే ఆశ వదులుకోండి. పిపిట్ ‘చిప్ చిప్ చిప్’ని పట్టుకుంటుంది, కానీ అది పాడేది ప్రధానంగా జతకట్టే రోజుల్లోనే. మిగతా కాలంలో ఎగిరేటప్పుడు ఒక్క చిన్న కూత, అంతే. పసుల పోలిగాడు ఇతర పక్షుల్ని అనుకరిస్తాడు గనక తెర మీద ఉన్నట్టుండి డేగ పేరు వెలిగితే ముందు తీగమీద చూడండి. తెర మీద వెలిగిన ప్రతి పేరునీ అలాగే, చూసిన పక్షుల్ని నమోదు చేసే ఈబర్డ్ జాబితాలోకి ఎక్కించడం అందరూ చేసే తప్పు. కంటితో చూసిందో, చెవితో స్పష్టంగా విన్నదో మాత్రమే ఎక్కించాలి.

కొంగలకీ చిలకలకీ అయిదుకి అయిదు. నేలపిట్టలకి మూడున్నర. ఆ తగ్గిన ఒకటిన్నర కోసం జేబులో చిన్న నోటుబుక్కు పెట్టుకుని ‘ముక్కు, తోక, కూర్చున్న చోటు’ మూడూ పిట్ట ఎగిరిపోకముందే రాసుకోండి, యాప్ ఆ తర్వాత తెరవొచ్చు.