నాట్స్ అప్రెంటిస్‌షిప్: డిగ్రీ అయినవాళ్లు ఏడాది పెట్టొచ్చా? వరంగల్ వైపు నుంచి సమీక్ష

చివరి సెమిస్టర్ ఫలితాలు రాగానే కాకతీయ యూనివర్సిటీ పిల్లల్లో సగం మంది హన్మకొండలో రూమ్ తీసుకుని పోటీ పరీక్షలకు కూర్చుంటారు, మిగతా సగం అమీర్‌పేట బస్సెక్కుతారు. రెండిటికీ డబ్బు ఇంట్లోంచే కదలాలి. నెలనెలా ఎదురు డబ్బిచ్చి పని నేర్పే దారి ఒకటుంది. అదే నేషనల్ అప్రెంటిస్‌షిప్ ట్రైనింగ్ స్కీమ్, వాడుకలో నాట్స్. పథకం మంచిది, దాని పోర్టల్ పర్వాలేదు. కానీ కాంట్రాక్టు, బ్యాంకు ఖాతా అనే రెండు చోట్ల పట్టు తప్పితే ఏడాది కష్టం లెక్కకు రాకుండా పోతుంది. అందుకే ఈ సమీక్షలో ఎక్కువ భాగం ఆ రెండిటి గురించే.

ముందు పథకం సంగతి. 1961 అప్రెంటిస్ చట్టం కింద నడుస్తుంది. 1973 సవరణతో ఇంజినీరింగ్ చదివినవాళ్లు ఇందులోకి వచ్చారు, 2014 సవరణతో బీఏ, బీకాం, బీఎస్సీ వాళ్లకూ తలుపు తెరుచుకుంది. కేంద్ర విద్యాశాఖ కింద నాలుగు ప్రాంతీయ బోర్డులున్నాయి. తెలంగాణ చెన్నై బోర్డు కిందికి వస్తుంది. డిగ్రీ పాసై ఐదేళ్లు దాటకూడదు, ముందు ఎక్కడా అప్రెంటిస్ చేసి ఉండకూడదు, ఏడాది ఉద్యోగ అనుభవం ఉండకూడదు. సప్లీలు రాసి ఆలస్యంగా పాసైనవాళ్లు మెమోలో ఉన్న పాసైన నెల, సంవత్సరం చూసుకోవాలి. లెక్క అక్కడి నుంచే, కోర్సు ముగియాల్సిన ఏడాది నుంచి కాదు.

శిక్షణ సాధారణంగా 12 నెలలు. 2019 నిబంధనల ప్రకారం గ్రాడ్యుయేట్‌కు స్టైపెండ్, అంటే శిక్షణ భత్యం, నెలకు కనీసం 9,000 రూపాయలు. అందులో సగం, అంటే 4,500 కేంద్రం భరిస్తుంది, మిగతాది సంస్థ ఇస్తుంది. దీన్ని 36 శాతం పెంచాలని 2025 మేలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి సిఫారసు చేసింది. ఎవరు ఏ అంకె చెప్పినా మీ కాంట్రాక్టులో రాసి ఉన్నదే మీకు అంకె. 9,000 కనీసం మాత్రమే, అంతకన్నా ఎక్కువిచ్చేవాళ్లున్నారు. 2023లో ఎస్‌బీఐ 6,160 అప్రెంటిస్ ఖాళీలకు పిలిచినప్పుడు నెలకు 15,000 ఇస్తామంది. బ్యాంకుల వాటికి స్థానిక భాష పరీక్ష ఉంటుంది. పదో తరగతి మెమోలోనో ఇంటర్ మెమోలోనో తెలుగు సబ్జెక్టు ఉంటే ఆ పరీక్ష తప్పుతుంది, కాబట్టి ఆ మెమో జిరాక్సు ఫైల్లో పైనే పెట్టుకోండి.

ఇక పోర్టల్. 2024 జూలైలో కొత్త రూపంలో వచ్చింది, పాతదాని కన్నా చాలా నయం. రిజిస్ట్రేషన్‌కు రూపాయి ఫీజు లేదు. ఆధార్, ఆధార్‌కు లింకైన మొబైల్, ఈమెయిల్, ప్రొవిజనల్ సర్టిఫికెట్, పాస్‌బుక్ మొదటి పేజీ, ఫోటో చేతిలో ఉంటే ఒక్క పూటలో అయిపోతుంది. అసలు చిక్కు పేరు దగ్గర వస్తుంది. మన పిల్లల మెమోల్లో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా ఉంటుంది. ఆధార్‌లో అదే ఇంటిపేరు పూర్తిగా, కొన్నిసార్లు చివర్న ఉంటుంది. ‘సాయికుమార్’ ఒకచోట కలిసి, ఇంకోచోట విడిపోయి ఉంటుంది. మనిషి చూస్తే ఒకే పేరు, కంప్యూటర్‌కు రెండు పేర్లు. పదో తరగతి మెమో మార్పించడం కన్నా ఆధార్‌ను మెమోకు సరిపోయేలా దిద్దించుకోవడం సులువు. అది రిజిస్ట్రేషన్‌కు ముందే జరగాలి, తర్వాత కాదు.

రెండో చిక్కు నెట్ సెంటర్లలో పుడుతుంది. కలెక్టరేట్ దగ్గరో కాలేజీ ముందో ఉన్న సెంటర్‌లో ఫారం నింపిస్తే, పని త్వరగా కావాలని వాళ్ల ఈమెయిలే పెట్టేస్తారు. సంస్థ మిమ్మల్ని షార్ట్‌లిస్ట్ చేసిన సంగతి ఆ మెయిల్‌కే పోతుంది, పాస్‌వర్డ్ మార్చాలన్నా అక్కడికే పోవాలి. ఫారం ఎవరు నింపినా సరే, మెయిల్, మొబైల్ మాత్రం మీవే ఉండాలి. వచ్చిన ఎన్‌రోల్‌మెంట్ నంబరు ఫోన్‌లో ఫోటోగానే కాకుండా నోటుబుక్కులో కూడా రాసుకోండి.

ఇలాంటిదే ఇంకో పోర్టల్ ఉంది, న్యాప్స్ అంటారు. అది నైపుణ్యాభివృద్ధి శాఖది, ఎక్కువగా ఐటీఐ వాళ్లకు. పేర్లు దగ్గరగా ఉండటంతో ఒకదాంట్లో రిజిస్టరై ఇంకోదాంట్లో అవకాశాల కోసం ఎదురుచూసేవాళ్లున్నారు. కాజీపేట షెడ్ల పేరు చూసి రైల్వే అప్రెంటిస్‌కు డిగ్రీతో దరఖాస్తు చేసేవాళ్లదీ ఇదే పొరపాటు: ఆ నోటిఫికేషన్లకు పదో తరగతితో పాటు ఐటీఐ ఉండాలి.

చోటు వెతకడంలో పోర్టల్‌కు తక్కువ మార్కులే వేయాలి. వరంగల్ అని కొడితే వచ్చే జాబితా చిన్నది, హైదరాబాద్‌ది పెద్దది. 9,000తో హైదరాబాద్‌లో హాస్టల్, మెస్, బస్‌పాస్ లాగడం కష్టం. ఇంటి నుంచి డబ్బు తెప్పించుకోవాల్సి వస్తే ఈ పథకంలో ఉన్న మేలే పోతుంది. అందుకే దగ్గర్లోనే గట్టిగా వెతకాలి. చాలామందికి తెలియనిది ఒకటుంది: 30 మంది, అంతకు మించి పనిచేసే సంస్థ తన సిబ్బందిలో 2.5 శాతం నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను పెట్టుకోవడం చట్టప్రకారం తప్పనిసరి. నలుగురి నుంచి 29 మంది దాకా ఉన్నవాళ్లకు అది ఇష్టం. అంటే మీరే ఫైలు పట్టుకుని పోయి అడగొచ్చు. హన్మకొండలోని పెద్ద ఆసుపత్రుల అకౌంట్స్ విభాగం, మడికొండ ఐటీ పార్కు, గీసుకొండ వైపు కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు యూనిట్లు, కరీంనగర్ గ్రానైట్ కంపెనీల ఆఫీసులు, ఇవన్నీ అడిగి చూడాల్సిన చోట్లే. హెచ్ఆర్ దగ్గర ‘ఉద్యోగం ఉందా సార్’ అంటే లేదంటారు. ‘నాట్స్‌లో అప్రెంటిస్‌గా తీసుకోండి సార్, కనీస స్టైపెండ్‌లో సగం కేంద్రం ఇస్తుంది’ అంటే కూర్చోమంటారు.

సింగరేణి సంగతి వేరుగా చెప్పాలి. భూపాలపల్లి, రామగుండం, మందమర్రి వైపు ఊళ్లలో ‘సింగరేణిలో అప్రెంటిస్ చేస్తే నౌకరీ పక్కా’ అనే నమ్మకం బలంగా ఉంది. శిక్షణ పరంగా సింగరేణి, ఎన్టీపీసీ లాంటి పెద్ద సంస్థల్లో దొరికే పని అనుభవం చిన్న ఆఫీసుల్లో దొరకదు, అందులో సందేహం లేదు. కానీ చట్టంలో ఆ పక్కా అనే మాట లేదు. 22వ సెక్షన్ ప్రకారం శిక్షణ పూర్తయినవాళ్లను తీసుకోవడంపై ప్రతి సంస్థా తన విధానం తాను పెట్టుకుంటుంది. ఉద్యోగం ఇస్తామని కాంట్రాక్టులో రాసి ఉంటేనే ఆ మాటకు విలువ. అప్రెంటిస్ ఆ సంస్థ ఉద్యోగి కాదు, పీఎఫ్ లెక్కలు ఉండవు. సెలవులు కూడా ఆ సంస్థ పద్ధతి ప్రకారమే ఉంటాయి.

ఇప్పుడు కాంట్రాక్టు. అందరూ అజాగ్రత్త పడేది ఇక్కడే. చేరమన్నారు, చేరారు, పని చేస్తున్నారు. కానీ పోర్టల్‌లో కాంట్రాక్టు తయారై, మీరు మీ లాగిన్‌లో దాన్ని ఒప్పుకుని, బోర్డు ఆమోదం పడితేనే మీరు అప్రెంటిస్. అది లేని రోజులకు కేంద్రం వాటా రాదు, సర్టిఫికెట్‌లోనూ అవి ఉండవు. కొన్ని చోట్ల ‘ముందు రెండు నెలలు చేసి చూపించు, తర్వాత ఎక్కిస్తాం’ అంటారు. మొదటి వారంలోనే మర్యాదగా అడగండి: ‘సార్, కాంట్రాక్టు నంబరు వచ్చిందా?’ వచ్చాక నాలుగు విషయాలు చూడండి: మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ, స్టైపెండ్ మొత్తం, ఏ విభాగంలో శిక్షణ. బీకాం చదివినవాళ్లకు అకౌంట్స్ అని రాసి ఏడాదంతా ఫైళ్లు మోయిస్తే, అడగడానికి ఆధారం ఆ కాగితమే. సంస్థ తన వైపు తప్పు వల్ల మధ్యలో కాంట్రాక్టు తెగితే మూడు నెలల స్టైపెండ్‌కు సమానమైన పరిహారం ఇవ్వాలి. తప్పు మీ వైపుదైతే శిక్షణ ఖర్చు మీమీద పడొచ్చు. ఇంకో మంచి కబురు వచ్చిందని చెప్పకుండా మానేయకండి, పోర్టల్‌లో రద్దు చేయించుకునే వెళ్లండి. లేకపోతే మీ పేరు మీద కాంట్రాక్టు తెరిచే ఉంటుంది, కొత్త చోట అప్రెంటిస్‌గా ఎక్కదు.

స్టైపెండ్ మరుసటి నెల పదో తేదీలోపు పడాలన్నది నిబంధన. సంస్థ వాటా మామూలుగా వస్తుంది. కేంద్రం వాటా ఆగిందంటే సాధారణంగా కారణం ఖాతాలోనే ఉంటుంది. ఖాతాకు ఆధార్ ‘లింక్’ అవ్వడం వేరు, ప్రభుత్వ డబ్బు పడేలా ‘సీడింగ్’ అవ్వడం వేరు. బ్యాంకులో కేవైసీకి ఆధార్ జిరాక్సు ఇచ్చామంటే మొదటిది మాత్రమే అయినట్టు. రెండోది అయిందో లేదో మైఆధార్ సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ దగ్గర కనిపిస్తుంది. రెండు మూడు ఖాతాలున్నవాళ్లకు చివరగా సీడింగ్ అయిన ఖాతాలోనే డబ్బు పడుతుంది. స్కాలర్‌షిప్ కోసం ఇంటర్‌లో తెరిచి వదిలేసిన ఖాతాలోకి పోయి కూర్చున్నా మీకు తెలియదు.

మన జిల్లాల్లో దీనికి తోడు ఇంకో మెలిక ఉంది. 2025 జనవరి 1న ఏపీజీవీబీ (ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు) తెలంగాణ శాఖలన్నీ తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి. ములుగు, జనగామ, మహబూబాబాద్ పల్లెల్లో ఇంటింటా ఉన్న ఆ పాత పాస్‌బుక్ చూసి ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ నింపకండి. శాఖకు పోయి కొత్త వివరాలతో పాస్‌బుక్ ప్రింట్ చేయించుకుని, సీడింగ్ ఫారం మళ్లీ ఇచ్చి, స్టేటస్ చూశాకే పోర్టల్‌లో ఎక్కించండి.

ఎవరికి పనికొస్తుందంటే, బీకాం, బీఎస్సీ, బీబీఏ చేసి ఏ ఆఫీసులోనూ అడుగుపెట్టనివాళ్లకు బాగా పనికొస్తుంది. డిప్లొమా మీద బీటెక్ చేసిన కోర్ బ్రాంచీలవాళ్లకూ అంతే. ప్లేస్‌మెంట్ చేతిలో ఉన్నవాళ్లకు అవసరం లేదు. ఆరు నెలల్లో పెద్ద పరీక్ష పెట్టుకున్నవాళ్లు చేరి మధ్యలో వదిలేయడం కన్నా చేరకపోవడమే మేలు, ఎందుకంటే ఈ అవకాశం ఒక్కసారే. ఎవరైనా డిపాజిట్ అడిగితే, ‘సీటు ఇప్పిస్తా’ అంటే అక్కడికక్కడే లేచి వచ్చేయండి.

12 నెలలు నిండాక బోర్డు ప్రావీణ్య పత్రం ఇస్తుంది. దాన్ని ఉపాధి కల్పన కార్యాలయంలో పని అనుభవంగా నమోదు చేయించుకోవచ్చు. సంస్థ మీ ప్రోగ్రెస్ రికార్డులు ఎప్పటికప్పుడు పోర్టల్‌లో ఎక్కిస్తేనే అది వస్తుంది. పదకొండో నెలలోనే మీ లాగిన్ తెరిచి అన్ని రికార్డులూ పూర్తిగా ఉన్నాయో లేదో చూసుకోండి. ఏదైనా ఖాళీగా ఉంటే, ఆ పని చూసే ఉద్యోగి బదిలీ కాకముందే పక్కన కూర్చుని చేయించుకోండి.